స్వరలిపి సాఫ్ట్‌వేర్ సరిగా పలకనప్పుడు దోషాన్ని పట్టుకోవడం ఎలా

కడపలో పిల్లలకు వయొలిన్, కీబోర్డు నేర్పుతూ, ఒక చర్చి గాయక బృందానికి నాలుగు గొంతుల స్వరలిపి రాసిపెట్టే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. తాళ్లపాక మాకు దగ్గర కావడం వల్ల, ఇక్కడ సంగీతం మొదలుపెట్టిన పిల్లలు రెండేళ్లు తిరక్కుండానే అన్నమయ్య సంకీర్తన ఒకటి నేర్పమని అడుగుతారు. ఆ సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గాని స్వరాలు ఉండవు. అందువల్ల ఒకే కీర్తన ఒక్కో గురువు దగ్గర ఒక్కో వరుసలో వినిపిస్తుంది, మన వరుసను మనమే రాసి పిల్లల చేతికి ఇవ్వాల్సి వస్తుంది. ఇంట్లో సంగీతం తెలిసినవారు ఎవరూ లేని పిల్లవాడికి కాగితం ఒక్కటే ఇస్తే చాలదు. ఆ కాగితాన్ని కంప్యూటర్ పలికి వినిపిస్తేనే, తాను వాయించినది సరిగా ఉందో లేదో వాడు పోల్చి చూసుకోగలుగుతాడు. కాబట్టి ప్లేబ్యాక్ తప్పుగా ఉంటే పిల్లవాడు తప్పునే వారం రోజులు సాధన చేసి వస్తాడు. దాన్ని మాన్పించడానికి మరో నెల పడుతుంది. ఈ విషయాన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

నేను ఎక్కువగా వాడేది మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్. అది ఉచితంగా దొరుకుతుంది, మూలం అందరికీ తెరిచి ఉంటుంది, పిల్లల ఇళ్లలో ఉండే మామూలు ల్యాప్‌టాప్‌లలో కూడా పనిచేస్తుంది. 2022 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్‌లో శబ్దానికి సంబంధించిన భాగమంతా కొత్తగా తయారైంది కాబట్టి, మూడో వెర్షన్‌కు రాసిన పాత సలహాలు అందులో చాలావరకు వర్తించవు. సిబేలియస్, డోరికో వంటి ఇతర స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లు వాడేవారికి మెనూల పేర్లు వేరుగా ఉంటాయి, అయితే దోషాన్ని వెతికే పద్ధతి మాత్రం ఒకటే.

కేసీ కాలువ కింద సేద్యం చేసే రైతు చివరి మడికి నీళ్లు అందకపోతే ఆ మడిలోనే నిలబడి పారతో తవ్వడు. గట్టు వెంట ఎగువకు నడిచి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగాయో చూసుకుంటాడు. స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో శబ్దానికి కూడా అలాంటి దారి ఒకటి ఉంది. పేజీ మీద మనం రాసిన స్వరాన్ని సాఫ్ట్‌వేర్ ముందుగా ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత బలంగా అనే ఆదేశంగా మారుస్తుంది. ఆ ఆదేశాన్ని అందుకుని, వాద్యాల నాదాలు దాచి ఉంచిన సౌండ్‌ఫాంట్ గాని, సౌండ్ లైబ్రరీ గాని దాన్ని నాదంగా తయారుచేస్తుంది. ఆ నాదం ఒక్కో వరుస శబ్దస్థాయిని అమర్చే మిక్సర్ గుండా వెళ్లి, ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి చేరి, అక్కడి నుంచి స్పీకరుకో ఇయర్‌ఫోనుకో అందుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడిందో తెలియకముందే సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. తొమ్మిదిసార్లు అది వృథా శ్రమే అవుతుంది, పదోసారి పనిచేసినా ఎందుకు పనిచేసిందో మనకు తెలియదు.

దోషం ఉన్న చోటును తేల్చడానికి మూడు పరీక్షలు చాలు, మూడూ కలిపి ఐదు నిమిషాల పని. మొదటిది, బ్రౌజర్‌లో ఏదైనా పాట పెట్టి వినడం. అది కూడా వినిపించకపోతే దోషం కంప్యూటర్‌లోనో స్పీకరులోనో ఉంది, స్వరలిపి జోలికి పోనవసరం లేదు. రెండోది, కొత్త స్కోరు (స్వరలిపి ఫైలు) ఒకటి తెరిచి, పియానో ఒక్కటే పెట్టి, స రి గ మ నాలుగు స్వరాలు రాసి పలికించడం. అది సరిగా పలికి, మీ అసలు ఫైలు మాత్రమే పలకకపోతే లోపం ఆ ఫైలులో ఉంది. మూడోది చాలామందికి తట్టదు గాని, నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పరీక్ష అదే. ఫైలును వేవ్ ఆడియోగా ఎగుమతి చేసి, ఆ ఆడియోను మామూలు ప్లేయర్‌లో వినాలి. మనం స్పేస్ బార్ నొక్కి వింటున్నప్పుడు కంప్యూటర్ నాదాన్ని అప్పటికప్పుడు తయారుచేసి గడువులోపు అందించాలి, ఎగుమతి చేసేటప్పుడు దానికి అలాంటి తొందర ఉండదు. కాబట్టి నేరుగా వింటే తెగిపోతున్న సంగీతం ఎగుమతి చేసిన ఆడియోలో శుభ్రంగా ఉంటే, మీ స్వరలిపిలో లోపం లేదు, కంప్యూటర్ వేగం చాలడం లేదని అర్థం. ఆడియోలో కూడా అదే తప్పు అదే చోట వినిపిస్తే తప్పు పేజీలోనో, ఎంచుకున్న సౌండ్‌లోనో ఉంది. ఈ మూడు పరీక్షల ఫలితాలు కాగితం మీద రాసుకున్న తరువాతే ఏదైనా మార్చడం మొదలుపెట్టండి. అసలు ఫైలుకు ఒక నకలు తీసి ఆ నకలు మీదే పనిచేయండి, ఒకసారి ఒక్క అమరికనే మార్చి విని చూడండి.

అసలేమీ వినిపించనప్పుడు

ప్లే నొక్కగానే గీత పేజీ మీద కదులుతూ ఉండి శబ్దం మాత్రం రాకపోతే, చాలాసార్లు శబ్దం ఇంకెక్కడికో వెళుతోందని అర్థం. తరగతిలో ల్యాప్‌టాప్‌ను టీవీకో ప్రొజెక్టరుకో హెచ్‌డీఎంఐ తీగతో కలపగానే విండోస్ శబ్దాన్ని కూడా అటే పంపిస్తుంది. ప్రొజెక్టరుకు స్పీకరు లేకపోతే గదిలో నిశ్శబ్దమే మిగులుతుంది. టాస్క్‌బార్‌లోని స్పీకరు బొమ్మ మీద నొక్కి, శబ్దం ఏ పరికరానికి వెళుతోందో చూడండి. తరువాత మ్యూజ్‌స్కోర్ ప్రిఫరెన్సెస్‌లో ఆడియోకు సంబంధించిన పేజీ తెరిచి, అక్కడ కూడా అదే పరికరం ఎంపికై ఉందో లేదో సరిచూడండి. సాఫ్ట్‌వేర్ తెరిచిన తరువాత ఇయర్‌ఫోన్ పెట్టి ఉంటే, ఒకసారి మూసి తెరిస్తే సరిపోవచ్చు. విండోస్‌లోని వాల్యూమ్ మిక్సర్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కు వేరువేరుగా శబ్దస్థాయి ఉంటుంది. బ్రౌజర్ బాగా వినిపిస్తూ స్వరలిపి సాఫ్ట్‌వేర్ ఒక్కటే మూగగా ఉన్నప్పుడు అక్కడ అది సున్నాకు దిగి ఉందేమో చూడాలి. రికార్డింగ్ కోసం వాడే మరో ప్రోగ్రామ్ ఏదైనా ఆడియో పరికరాన్ని పూర్తిగా తన ఆధీనంలోకి తీసుకుని ఉంటే కూడా ఇలాగే జరుగుతుంది, దాన్ని మూసివేయాలి.

గీత కూడా కదలకపోతే సంగతి వేరు. స్వరాలు ఎక్కించే మోడ్‌లో ఉన్నారేమో చూసుకుని, ఎస్కేప్ నొక్కి, మొదటి స్వరాన్ని ఎంచుకుని మళ్లీ ప్రయత్నించండి.

మొదటి స్వరాన్ని ఒక్కదాన్నే మింగేస్తున్నట్టుగా ఉంటే అది బ్లూటూత్ స్పీకరు లక్షణం. కొంతసేపు శబ్దం లేకపోతే అలాంటి స్పీకర్లు విద్యుత్తు ఆదా కోసం నిద్రలోకి జారి, శబ్దం మొదలైన తరువాత మేలుకుంటాయి. ప్లేబ్యాక్ అమరికల్లో కౌంట్-ఇన్ పెట్టుకుంటే ఆ తాళపు దెబ్బలకు స్పీకరు మేలుకుంటుంది, స్వరాలు పూర్తిగా వినిపిస్తాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో శబ్దం టెలిఫోన్‌లో మాట్లాడినట్టు ముతకగా మారితే, అది మైకు కూడా వాడే కాల్ మోడ్‌లోకి వెళ్లిందని తెలుసుకోండి. పరికరాల జాబితాలో అదే పేరుతో ఉన్న స్టీరియో ఎంపికను పెట్టుకోవాలి. కీబోర్డు మీద వాయిస్తూ స్వరాలు ఎక్కించేవారు బ్లూటూత్‌ను పూర్తిగా మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మీట నొక్కిన తరువాత ఎంతో ఆలస్యంగా వినిపించే స్వరంతో తాళం నిలపడం ఎవరికీ సాధ్యం కాదు.

ఒక గొంతు మాత్రమే పలకనప్పుడు

ఒకసారి క్రిస్మస్ పాటల సాధనకు ముందురోజు రాత్రి సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే నాలుగు గొంతుల్లో ఆల్టో మాత్రం వినిపించక గంటన్నర సేపు వెతికాను. స్వరాలన్నీ చెరిపి మళ్లీ రాశాను కూడా. చివరకు తేలిందేమిటంటే, అంతకు రెండు రోజుల ముందు సొప్రానో వరుసను విడిగా వినడానికి మిక్సర్‌లో సోలో బటన్ నొక్కి, ఆ తరువాత టెనర్‌కు, బేస్‌కు కూడా నొక్కి, వాటిని తీయడం మరిచాను. సోలో ఎక్కడైనా వెలిగి ఉంటే సోలో లేని వరుసలన్నీ మౌనంగా ఉండిపోతాయి. అందుకే మౌనంగా ఉన్న వరుస దగ్గర మ్యూట్ బటన్ కోసం వెతకడానికి ముందు, మిగతా అన్ని వరుసల సోలో బటన్లనూ చూడాలి. ఎఫ్ 10 నొక్కితే మిక్సర్ తెరుచుకుంటుంది. మిక్సర్ అమరికలు ఫైలుతోపాటే భద్రపడతాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ పెట్టినా ఈ దోషం పోదు. పూర్తి స్కోరుకూ, దాని నుంచి తీసిన విడి పార్టుకూ మ్యూట్ అమరికలు వేరుగా ఉండే అవకాశం ఉంది, అందుకని రెండు చోట్లా చూడండి.

వరుస అంతా కాకుండా కొన్ని స్వరాలు మాత్రమే పలకకపోతే, ఆ స్వరాన్ని ఎంచుకుని ప్రాపర్టీస్‌లో ‘ప్లే’ అనే గడిలో టిక్కు ఉందో లేదో చూడండి. దీనికి తిరగబడిన దోషం కూడా ఒకటుంది. పేజీలో లేని స్వరం వినిపిస్తుంది. కనబడకుండా దాచిన స్వరాలు కూడా పలుకుతాయి. వ్యూ మెనూలో దాచినవాటిని చూపించమని పెడితే అవి బూడిద రంగులో బయటపడతాయి.

ఒకే స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతల వరుస) మీద రెండు గొంతులు రాసినప్పుడు ఇంకో సూక్ష్మమైన ఇబ్బంది ఉంది. సొప్రానో నాలుగు అక్షరాల పాటు ఒక స్వరాన్ని నిలుపుతూ ఉండగా, ఆల్టో మధ్యలో అదే స్వరాన్ని ఒక్క అక్షరం తాకి వదిలితే, రెండూ ఒకే సౌండ్ చానల్‌లో ఉన్నాయి కాబట్టి, ఆల్టో వదలగానే సొప్రానో స్వరం కూడా తెగిపోవచ్చు. ఇది మీ రాతలో తప్పు కాదు. రెండు గొంతులను వేరు స్టాఫ్‌ల మీద, వేరు సాధనాలుగా రాస్తే తొలగిపోతుంది. గాయక బృందానికి రాసేవారు గుర్తుంచుకోవాల్సిన మరో విషయం టెనర్ గొంతుకు పెట్టే క్లెఫ్, అంటే స్టాఫ్ మొదట్లో ఉండే గుర్తు. టెనర్‌కు కింద 8 అంకె ఉన్న ట్రెబుల్ క్లెఫ్ వాడాలి. మామూలు ట్రెబుల్ క్లెఫ్ పెడితే ఆ గొంతు ఒక స్థాయి పైన పలికి, సొప్రానోతో కలిసిపోతుంది.

శబ్దం తెగుతూ, చిటపటమంటూ వస్తే

ఇక్కడ బఫర్ అనే మాటను అర్థం చేసుకోవాలి. పెరట్లో తొట్టి ఉంది, దాని కొళాయి నుంచి నీళ్లు ఎడతెగకుండా పోతున్నాయి, మీరు బావి నుంచి బకెట్లతో తోడి తొట్టి నింపుతున్నారు అనుకోండి. తొట్టి చిన్నదైతే మీరు ఒక్క క్షణం ఆలస్యం చేసినా కొళాయిలో ధార తెగిపోతుంది. తొట్టి పెద్దదైతే ధార తెగదు గాని, కొత్తగా పోసిన నీళ్లు కొళాయి దాకా రావడానికి సమయం పడుతుంది. బఫర్ ఆ తొట్టి. కంప్యూటర్ నాదాన్ని నమూనాలు అనే చిన్న చిన్న ముక్కలుగా అందిస్తుంది. సెకనుకు 44,100 నమూనాల వేగంలో 512 నమూనాల బఫర్ సుమారు 11.6 మిల్లీసెకన్ల నాదాన్ని పట్టుకుంటుంది. 1024 అయితే సుమారు 23, 2048 అయితే సుమారు 46 మిల్లీసెకన్లు. రాసినది వినడానికే అయితే బఫర్‌ను 1024కో 2048కో పెంచండి, ఆ ఆలస్యం మీకు తెలియను కూడా తెలియదు. కీబోర్డు మీద వాయిస్తూ ఎక్కించేటప్పుడు మాత్రం మళ్లీ తగ్గించుకోవాలి.

బఫర్ పెంచినా చిటపట తగ్గకపోతే కంప్యూటర్ మీద భారం ఎక్కువైందని అర్థం. మ్యూజ్ సౌండ్స్ వంటి పెద్ద లైబ్రరీలు నిజమైన వాద్యాల రికార్డింగులతో తయారైనవి. అవి వినసొంపుగానే ఉంటాయి గాని, మెమొరీని విస్తారంగా తీసుకుంటాయి. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎనిమిది వాద్యాలకు వాటిని పెట్టి, తెగకుండా వినాలనుకోవడం న్యాయం కాదు. స్వరాలు ఎక్కించేటప్పుడు మిక్సర్‌లో అన్ని వరుసలకూ సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చే ఎంఎస్ బేసిక్ సౌండ్‌ఫాంట్ పెట్టుకుని, రాత పూర్తయ్యాక పెద్ద లైబ్రరీకి మార్చి ఆడియోగా ఎగుమతి చేసుకోండి. నేను పిల్లలకు పంపే ఆడియోలన్నీ ఇలాగే తయారవుతాయి. రెవెర్బ్ (ప్రతిధ్వని) వంటి ఎఫెక్టులను తీసివేస్తే ఇంకొంత భారం తగ్గుతుంది.

మా ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది వేడి. మే నెలలో కడప ఎండ 42, 43 డిగ్రీలకు చేరినప్పుడు, గాలి ఆడని గదిలో మంచం మీద పరుపు పైన పెట్టిన ల్యాప్‌టాప్ తన ప్రాసెసర్ కాలిపోకుండా తానే వేగం తగ్గించుకుంటుంది. ఉదయం ఆరింటికి శుభ్రంగా పలికిన ఫైలు మధ్యాహ్నం రెండింటికి తెగుతూ పలికితే ముందు అనుమానించాల్సింది దీన్నే. బల్ల మీద పెట్టి, కింద గాలి ఆడేలా చూసి, ఫ్యాన్ దారుల్లో దుమ్ము తీయించండి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు కూడా ల్యాప్‌టాప్ వేగం తగ్గించుకుంటుంది కాబట్టి, పవర్ సేవర్ తీసేసి చూడాలి.

పేజీ మీద రాసినదాన్ని సాఫ్ట్‌వేర్ మరోలా చదివినప్పుడు

నా అనుభవంలో పిల్లలు, తోటి ఉపాధ్యాయులు తెచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రకానివే. కంటికి సరిగా కనిపించేది సాఫ్ట్‌వేర్‌కు కూడా సరిగా అర్థమవుతుందని మనం అనుకుంటాం. అది సిరా గుర్తులను చూడదు, ప్రతి గుర్తుకూ తన లోపల ఉన్న అర్థాన్ని మాత్రమే చూస్తుంది.

అన్నిటికంటే సాధారణమైనది టై, స్లర్‌ల మధ్య పొరపాటు. రెండూ చూడటానికి వంపు గీతలే. ఒకే స్థాయిలో ఉన్న రెండు స్వరాలను కలిపి ఒకే దీర్ఘస్వరంగా నిలిపేది టై, వేరువేరు స్వరాలను ఒకే కమానులో, ఒకే ఊపిరిలో పలికించమనేది స్లర్. పంచమాన్ని ఒక బార్ (నిలువు గీతల మధ్య ఉండే తాళపు భాగం) చివర నుంచి తరువాతి బార్ మొదటికి నిలపాలనుకుని టై బదులు స్లర్ పెడితే, కాగితం మీద తేడా కనిపించదు గాని పంచమం రెండుసార్లు పలుకుతుంది. మొదటి స్వరాన్ని ఎంచుకుని టి అక్షరం నొక్కితే టై పడుతుంది, ఎస్ నొక్కితే స్లర్ పడుతుంది. నిలవాల్సిన స్వరం రెండోసారి మోగుతుంటే ఆ గీతను చెరిపి టి నొక్కి చూడండి.

ఇలాంటిదే మాటల విషయం కూడా. పేజీ మీద వట్టి టెక్స్ట్‌గా టైపు చేసిన కాలప్రమాణం గాని, తక్కువ శబ్దంతో అనే అర్థంలో రాసిన పి అక్షరం గాని, మొదటికి వెళ్లమనే డీసీ గాని కేవలం అలంకారాలు, వాటిని సాఫ్ట్‌వేర్ చదవదు. వాటికి పాలెట్‌లలో (సాఫ్ట్‌వేర్‌లోని గుర్తుల పట్టికల్లో) సిద్ధంగా ఉన్న గుర్తులనే తీసుకోవాలి. కాలప్రమాణం ఎక్కడా పెట్టకపోతే మ్యూజ్‌స్కోర్ నిమిషానికి 120 క్వార్టర్ నోట్ల వేగాన్ని తీసుకుంటుంది. అది విలంబంగా సాగాల్సిన కీర్తనకు ఎంతమాత్రం సరిపోదు.

కాలప్రమాణం పెట్టినా వేగం సరిగ్గా రెట్టింపో సగమో అయితే తాళపు లెక్కను చూడాలి. మిశ్రచాపును మేము 7/8గా రాస్తాం, మూడు, రెండు, రెండుగా విడిపోయే ఏడు ఎయిత్ నోట్లు. నిమిషానికి 120 ఎయిత్ నోట్లు కావాలనుకుని, గుర్తులో పొరపాటున క్వార్టర్ నోట్ ఉంచేస్తే, కీర్తన రెట్టింపు వేగంతో పరుగెత్తుతుంది. టెంపో గుర్తులో అంకెతోపాటు ఏ స్వరం బొమ్మ ఉందో కూడా చూసుకోండి. అంకె, బొమ్మ రెండూ సరిగ్గా ఉండి కూడా మొత్తం నెమ్మదిగా ఉంటే, సాధన కోసం ప్లేబ్యాక్ పట్టీలో వేగాన్ని 50 శాతానికి తగ్గించి మరిచారేమో చూడండి. ఒకే నాలుగు బార్లు తిరిగి తిరిగి వస్తుంటే లూప్ వెలిగి ఉంటుంది.

ఆవృత్తుల (రిపీట్ల) గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే కీర్తన నిర్మాణమే పల్లవికి తిరిగి రావడం మీద నిలబడి ఉంది. ముందుగా ప్లేబ్యాక్ అమరికల్లో రిపీట్లు పలికించమనే ఎంపిక ఉందో లేదో చూడండి. రిపీట్ ముగింపు గీతను ఎంచుకుంటే ప్రాపర్టీస్‌లో ఎన్నిసార్లు పలకాలో చెప్పే అంకె కనిపిస్తుంది. అది మామూలుగా 2 ఉంటుంది. ఒక సంగతిని మూడుసార్లు పాడాలంటే దాన్ని 3 చేయాలి, గీత పైన వట్టిగా మూడు అని రాస్తే చాలదు. మొదటి ముగింపు, రెండో ముగింపు అని బ్రాకెట్లు పెట్టినప్పుడు, బ్రాకెట్ మీద కనిపించే అంకె వేరు, ఏయే తడవల్లో ఆ బ్రాకెట్‌లోకి వెళ్లాలో చెప్పే జాబితా వేరు. ఒకదాన్ని నకలు తీసి అంకె మాత్రం మార్చినప్పుడు లోపలి జాబితా పాతదే ఉండిపోతుంది. దాంతో పల్లవి రెండో తడవ కూడా మొదటి ముగింపులోకే పోతుంది. రిపీట్ మొదలు గుర్తు పెట్టడం మరిచిపోతే అనుపల్లవి దగ్గరకు రావాల్సింది మొదటికి పోయి అంతా మళ్లీ మొదలవుతుంది.

చరణం తరువాత పల్లవికి వెళ్లి ఫైన్ (ముగింపు గుర్తు) దగ్గర ఆగాలంటే డీసీ అల్ ఫైన్ గుర్తునూ, ఫైన్ గుర్తునూ రెండింటినీ పాలెట్ నుంచే పెట్టాలి. డీసీ తరువాత వచ్చే రెండో ప్రయాణంలో రిపీట్లు పలకకపోవడం దోషం కాదు, పాశ్చాత్య సంప్రదాయంలో అదే నియమం. మనకు అప్పుడు కూడా పల్లవి రెండుసార్లు రావాలనుకుంటే, ఆ గుర్తు ప్రాపర్టీస్‌లో రిపీట్లు పలికించమనే గడిలో టిక్కు పెట్టాలి. మూడు నాలుగు చరణాలకు గుర్తులను ఇలా పేర్చి ఎటుపోతుందో అంతుపట్టకపోతే, పలికించడానికి ఒక నకలు తీసి అందులో ఆవృత్తులేవీ లేకుండా మొత్తం విప్పి రాసేయడమే నేను చేసే పని. కాగితం ఖర్చు లేదు కాబట్టి అందులో తప్పేమీ లేదు, పిల్లలకు కూడా ఎక్కడున్నామో తెలుస్తుంది.

శ్రుతి మారిపోయినప్పుడు, వాద్యం మారిపోయినప్పుడు

క్లారినెట్, ట్రంపెట్ వాయించే బ్యాండు మేళాల వారు రాసుకున్నది వేరే శ్రుతిలో పలుకుతోందని అడుగుతుంటారు. బి ఫ్లాట్ క్లారినెట్‌కు సి అని రాస్తే రెండు స్వరస్థానాలు కిందికి, బి ఫ్లాట్‌గా పలకడం ఆ వాద్యపు ధర్మం. కన్సర్ట్ పిచ్ బటన్ నొక్కితే, నిజంగా పలికే స్వరాలే పేజీ మీద కనిపిస్తాయి. రెండింటిలో ఏ చూపులో ఉండగా స్వరాలు ఎక్కించారో గుర్తుంచుకోకపోతేనే గందరగోళం వస్తుంది.

దానికి భిన్నంగా, అన్ని వాద్యాలూ కలిసి ఒకటిన్నర స్వరస్థానం పైకి పోయి, వేగం కూడా కొద్దిగా పెరిగితే కారణం నమూనా వేగాల పొరపొచ్చం. 44,100 వేగానికి తయారైన నాదాన్ని పరికరం 48,000 వేగంతో పలికిస్తే శ్రుతి సుమారు 147 సెంట్లు పెరుగుతుంది. ఒక స్వరస్థానానికి 100 సెంట్లు కాబట్టి, ఒకటి శ్రుతిలో రాసినది ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎక్కడో పలికి, ఏ తంబూరకూ కలవదు. విండోస్‌లోని శబ్ద పరికరపు అమరికల్లోనూ, సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకే అంకె ఉండేలా చూడండి.

వేరేవారు పంపిన ఫైలు తెరవగానే వాద్యాలన్నీ పియానోగా మారితే, అది మిడి ఫైలేమో చూడండి. 1983లో వచ్చిన మిడి ప్రమాణంలో ఏ మీట, ఎప్పుడు, ఎంత బలంగా అనే సమాచారమే ఉంటుంది గాని నాదం ఉండదు. 1991 నాటి జనరల్ మిడి జాబితాలో 128 వాద్యాలకు చోటుంది, వాటిలో సితార్, షహనాయి ఉన్నాయి గాని వీణ, మృదంగం లేవు. కాబట్టి వీణకు ఏదో ఒక దగ్గరి వాద్యాన్ని మనమే మిక్సర్‌లో ఎంచుకోవాలి. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి స్వరలిపిని పంపేటప్పుడు మిడి కాకుండా మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ రూపంలో పంపమని అడగండి. స్లర్లు, క్లెఫ్‌లు, సాహిత్యం అందులో నిలుస్తాయి. ఫినాలే వాడేవారికి ఇది మరీ అవసరం. దాని అభివృద్ధిని ఆపివేస్తున్నట్టు 2024 ఆగస్టులో తయారీదారులే ప్రకటించారు కాబట్టి, ఆ ప్రోగ్రామ్ తెరుచుకుంటున్నప్పుడే పాత ఫైళ్లన్నీ ఈ రూపంలోకి మార్చిపెట్టుకోవాలి.

అన్నీ సరిగా ఉండి కూడా చెవికి ఒప్పనప్పుడు

చివరగా, మన సంగీతం రాసేవారికే ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. తంబూర వేసుకుని మాయామాళవగౌళలో సరళీవరుస పలికిస్తే, సాఫ్ట్‌వేర్ గాంధారం కొంచెం ఎక్కువగా, ధైవతం కొంచెం తక్కువగా వినిపిస్తుంది. చెవి బాగున్న పిల్లలు దీన్ని పట్టుకుని అడుగుతారు, అలా అడిగినవారిని నేను మెచ్చుకుంటాను. సాఫ్ట్‌వేర్ ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కోస్తుంది కాబట్టి, అంతర గాంధారం దానికి 400 సెంట్లు. తంబూర తీగ నుంచి పుట్టే సహజ గాంధారం సుమారు 386 సెంట్లు మాత్రమే. శుద్ధ ధైవతం 800కు బదులు సుమారు 814, శుద్ధ రిషభం 100కు బదులు సుమారు 112, కాకలి నిషాదం 1100కు బదులు సుమారు 1088. పంచమంలో తేడా రెండు సెంట్లే కాబట్టి దాన్ని అలాగే వదిలేయవచ్చు.

ఎంఎస్ బేసిక్ సౌండ్‌ఫాంట్ పెట్టుకుని, ఒక గాంధారాన్ని ఎంచుకుని, ఒకే స్వరమున్నవాటినన్నిటినీ ఎంచుకునే మెనూతో మిగతా గాంధారాలను కూడా కలుపుకుని, ప్రాపర్టీస్‌లో ట్యూనింగ్ దగ్గర 14 సెంట్లు తగ్గించండి. ధైవతానికి 14, రిషభానికి 12 పెంచి, నిషాదానికి 12 తగ్గించండి. ఎలక్ట్రానిక్ తంబూర షడ్జమం సాఫ్ట్‌వేర్ షడ్జమంతో ముందే కలిసి ఉండాలి. పాశ్చాత్య ‘ఎ’ (A) స్వరం 440 హెర్ట్జ్ అనే లెక్కకు తంబూర శ్రుతి అటూ ఇటూ ఉంటే ఎన్ని స్వరాలు సవరించినా కలవవు. ఈ సవరణలన్నీ కంపిత గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) లేని వరుసలకే పనికివస్తాయి. తోడిలో గాంధారం నిలిచి ఉండే స్వరం కాదు, దాన్ని ఒక చోట కట్టేసి సెంట్లలో సరిదిద్దడానికి ప్రయత్నించవద్దు. అలాంటి రాగాల్లో ప్లేబ్యాక్‌ను తాళానికి, స్వరాల వరుసకు మాత్రమే వాడుకుని, గమకాన్ని గురువు పాడి రికార్డు చేసిన ఆడియోను ఆ ఫైలుతోపాటు పిల్లలకు పంపండి.